సెయింట్ పాల్‌లో ఆ తల్లీబిడ్డల కంచుబొమ్మ: క్నూట్ నెల్సన్ గురించి

వానచినుకు (సెయింట్ పాల్, మిన్నెసోటా)

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా అబ్బాయిని తీసుకుని ఇక్కడి రాష్ట్ర శాసనసభ భవనం చూడటానికి వెళ్లాను. భవనం ముందున్న విగ్రహాల్లో ఒకదాని దగ్గర వాడు ఆగిపోయి ఎంతకీ కదలలేదు. ఎత్తయిన దిమ్మె మీద కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకరు నిలబడి ఉన్నారు. దిమ్మెకు ఒక పక్క ఒక తల్లి, ఆమెతో ఒక చిన్న పిల్లవాడు. ఇంకో పక్క అంతర్యుద్ధం నాటి సిపాయి. "అమ్మా, ఈ అబ్బాయి ఎవరు?" అని అడిగాడు. నాకూ తెలియదు. ఇంటికి వచ్చి వెతికితే తెలిసింది, ఆ ముగ్గురూ ఒక్కరేనట! పిల్లవాడూ ఆయనే, సిపాయీ ఆయనే, పైన నిలబడ్డ సెనేటరూ ఆయనే. పేరు క్నూట్ నెల్సన్. నార్వే నుంచి ఆరేళ్ల వయసులో వచ్చి, రైతుగా, వకీలుగా బతికి, ఈ రాష్ట్రానికి గవర్నరై, 28 ఏళ్లు సెనేటరుగా ఉన్నారు.

మేము ఈ దేశంలో దిగిన రోజు మా వాడికి మూడేళ్లు. విమానాశ్రయంలో అధికారి ముందు వరుసలో నా చున్నీ అంచును పిడికిట్లో బిగించి, మా వంతు వచ్చేదాకా వదల్లేదు. ఆ కంచుబొమ్మ ముందు నాకు ఆ పిడికిలే గుర్తొచ్చింది. అందుకే అడుగుతున్నాను. ఈయన గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. నార్వే నుంచి అమెరికాకు తొలి వలస ఓడ 'రెస్టౌరేషన్' వచ్చి 2025కు సరిగ్గా 200 ఏళ్లని కూడా చదివాను.

పాతపేజీలు (గుంటూరు)

వానచినుకు గారూ, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న నన్ను మళ్లీ తరగతి గదిలో నిలబెట్టింది. ఉద్యోగ విరమణ అయ్యాక ఇలాంటి ప్రశ్న విని చాలా కాలమైంది. తెలిసినంత చెబుతాను.

1843 ఫిబ్రవరి 2న పశ్చిమ నార్వేలో, వోస్ ప్రాంతంలోని ఎవాంగర్ దగ్గర పుట్టాడు. తల్లి పేరు ఇంగెబ్యోర్గ్. ఆమెకు పెళ్లి కాలేదు. ఆనాటి పల్లెలో పెళ్లి కాని తల్లి అన్న మాట ఎంత బరువో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక భూమి సంగతి. నార్వే నేలలో సాగుకు పనికొచ్చేది నూటికి మూడు పాళ్లే. మిగతాదంతా కొండలు, అడవి, మంచు. కమతం ముక్కలు కాకుండా పెద్దకొడుకుకు పోయేది. మిగిలినవాళ్లు 'హుస్మన్' అనే పద్ధతిలో ఆసామి పొలం అంచున గుడిసె వేసుకుని, ఆయన చేలో పనిచేస్తూ బతికేవారు. మన పాలేరుతనం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1825 నుంచి వందేళ్లలో ఎనిమిది లక్షల మందికి పైగా ఆ దేశం విడిచి వెళ్లారు. జనాభాలో వలస వెళ్లినవారి పాలు చూస్తే ఐర్లండ్ తర్వాత నార్వేదే పేరు.

ఇంగెబ్యోర్గ్ కొడుకును తీసుకుని 1849 వేసవిలో న్యూయార్క్‌లో దిగింది. చేతిలో దాదాపు ఏమీ లేదు. అక్కడినుంచి హడ్సన్ నది, ఈరీ కాలువ, ఆపైన మహాసరస్సుల మీదుగా షికాగో. ఆమె తోడబుట్టినవాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆ ఏడే షికాగోను కలరా పీడించింది. తల్లి ఇళ్లలో పనికి కుదిరింది. కొడుకు కూడా ఇంటిపనికి వెళ్లాడు, తర్వాత వీధుల్లో వార్తాపత్రికలు అమ్మాడు. 1850లో ఆమె వోస్ ప్రాంతం వాడే అయిన నీల్స్ ఓల్సన్ గ్రోట్లాండ్‌ను పెళ్లి చేసుకుంది. ముగ్గురూ విస్కాన్సిన్‌లోని నార్వేజియన్ల పల్లెకు చేరారు.

ఇంటిపేరు గురించి ఒక మాట. అప్పట్లో అక్కడి పల్లె జనానికి మనలాగా స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు, తండ్రి పేరుకు 'కొడుకు' అని చేర్చేవారు. క్నూట్‌కు చెప్పుకోవడానికి తండ్రి పేరు లేదు. చేయి పట్టుకున్న మారుతండ్రి నీల్స్ పేరే తనదయింది. నీల్స్ కొడుకు, అంటే నెల్సన్. ఈ దేశంలో ఆయన సంతకమంతా ఆ మారుతండ్రి పేరే. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

నల్లరేగడి (ప్రకాశం జిల్లా)

పంతులుగారూ, కళ్లకు కట్టినట్టు రాశారు. నాదొక సందేహం. రైతు అన్నారు కదా, నిజంగా దున్నినవాడేనా, లేక పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కాగితం మీద రాసుకునే రైతా? ఎంత భూమి, ఏమి పండేది, నీళ్లు ఎలా, అమ్ముకోవడం ఎలా? అది చెబితే మనిషి అర్థమవుతాడు.

మేపుల్‌నీడ (మాడిసన్, విస్కాన్సిన్)

నల్లరేగడి గారూ, నేను ఉండే ఊరు ఆయన న్యాయశాస్త్రం చదివిన ఊరే. అందుకని కొంత తెలుసు.

చిన్నప్పుడు దున్నినమాట నిజం. మారుతండ్రి ఆరోగ్యం బాగాలేక పొలం పని చాలావరకు ఈ కుర్రవాడి మీదే పడింది. పని సందుల్లోనే బడి. తర్వాత ఆల్బియన్ అకాడమీలో చేరాడు. 1861లో యుద్ధం రాగానే 4వ విస్కాన్సిన్ దళంలో సిపాయిగా వెళ్లాడు. 1863 జూన్ 14న లూసియానాలోని పోర్ట్ హడ్సన్ కోట మీద దాడిలో గాయపడి శత్రువుకు చిక్కాడు. జూలైలో కోట లొంగిపోయాక బయటపడ్డాడు. తిరిగివచ్చి చదువు పూర్తిచేసి, మాడిసన్‌లో విలియం విలాస్ అనే న్యాయవాది దగ్గర వకాల్తా నేర్చుకున్నాడు. 1868, 1869లో ఇక్కడి శాసనసభ సభ్యుడు కూడా.

1871లో భార్య నికొలీన్‌తో మిన్నెసోటాలోని అలెగ్జాండ్రియాకు వెళ్లి స్థిరపడ్డాడు. అది సరస్సుల మధ్య ఊరు, అప్పటికి రైలు లేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అప్పట్లో 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి తీసుకునే వీలుండేది. ఐదేళ్లు దాని మీద ఇల్లు కట్టుకుని ఉండి సాగు చేస్తే పట్టా ఇచ్చేవారు. పౌరుడైనా అయి ఉండాలి, పౌరుడినవుతానని రాసి ఇచ్చినా సరిపోయేది. నెల్సన్ ఆ పద్ధతిలోనే ఊరి పక్కన భూమి తీసుకుని బీడు కొట్టాడు. భూముల కచేరీ కూడా అదే ఊళ్లో ఉండేది. హద్దు తగాదాలు, ఒకరి చెక్కలో ఇంకొకరు దిగడాలు, కాగితం తప్పులు. ఇంగ్లీషు రాని నార్వే, స్వీడన్ రైతులకు తమ భాషలో వినే వకీలు దొరికాడు. పగలు కచేరీ, మిగతా వేళ పొలం. ఆ ఇల్లు, ఆ పొలం చివరిదాకా వదులుకోలేదు.

నీళ్ల సంగతి అడిగారు. అంతా వాన మీదే. ప్రధాన పంట గోధుమ. 1873 నుంచి 1877 దాకా మిడతల దండు మిన్నెసోటాను తినేసింది. ఆకాశం కమ్ముకుని దిగితే చేలో పచ్చనిది మిగిలేది కాదు. 1877 ఏప్రిల్‌లో గవర్నరు రాష్ట్రమంతా ప్రార్థన దినం ప్రకటించాడంటే ఎంత హడలిపోయారో చూడండి. నెల్సన్ అప్పుడు రాష్ట్ర సెనేటులో ఉన్నాడు.

అమ్మకం దగ్గరే అసలు కథ ఉంది. రైతు బండి కట్టుకుని గోధుమలను రైలు స్టేషను పక్కనుండే ఎలివేటర్‌కు తెచ్చేవాడు. ఎలివేటర్ అంటే ధాన్యాన్ని పైకి ఎత్తి పోసే ఎత్తయిన గిడ్డంగి. అది ఉండేది రైలు కంపెనీ స్థలంలో. చిన్న స్టేషనులో కొనేవాళ్లు ఒకరో ఇద్దరో. కొనేవాడు గుప్పెడు గింజలు తీసి అరచేతిలో దొర్లించి, ఇది మొదటి రకం కాదు, రెండో రకం అనేవాడు. మట్టి ఉంది, కలుపు గింజ ఉందని తరుగు తీసేవాడు. తూకమూ అతనిదే, గ్రేడూ అతనిదే, ధరా అతనిదే. మినియాపొలిస్, దులూత్ వంటి పెద్ద కేంద్రాల్లో 1885 నుంచి ప్రభుత్వ తనిఖీ ఉంది. పల్లె స్టేషనులో ఎవరూ లేరు. నెల్సన్ గవర్నరయ్యాక 1893లో పల్లె ఎలివేటర్లకూ లైసెన్సు, తనిఖీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాడు.

నల్లరేగడి (ప్రకాశం జిల్లా)

మేపుల్‌నీడ గారూ, అరచేతిలో గింజలు దొర్లించడం అన్నారు చూడండి, అక్కడ నా గుండె ఆగింది.

రెండేళ్ల కిందట శనగలు అమ్మడానికి తీసుకెళ్లాను. కొనుగోలు చోట తేమ చూసే మిషనులో గుప్పెడు పోశారు. ఎక్కువ ఉందన్నారు. పక్కన కళ్లంలో పరదా మీద ఆరబోసి, మూడు రోజులు అక్కడే పడుకుని, నాలుగో రోజు మళ్లీ పోశాను. అంకె తగ్గింది, కానీ ఈసారి రంగు లేదన్నారు. ఆ గింజలు నేను పండించినవి. వాటి రంగు నాకు తెలియదా? తిరుగు బండి కిరాయి లెక్కేసుకుని, అడిగిన ధరకే ఇచ్చేసి వచ్చాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఎంతకు పోయిందని అడగలేదు, నా మొహం చూసి మంచినీళ్లు ఇచ్చింది.

ఆ అవమానం అనుభవించినవాడు గవర్నరు కుర్చీలో కూర్చుంటే ఏమి చేస్తాడో అదే ఆయన చేశాడు. దండం పెడుతున్నాను. చట్టం పనిచేసిందా మరి?

మేపుల్‌నీడ (మాడిసన్, విస్కాన్సిన్)

కొంతవరకే అనాలి. ఎన్నికల్లో ఆయనపై నిలబడి ఓడిన పాపులిస్టు నాయకుడు ఇగ్నేషియస్ డొనెల్లీ లాంటివాళ్లకు ఆ చట్టం సరిపోలేదు, ఎలివేటర్ ప్రభుత్వానిదే కావాలన్నారు. దులూత్‌లో రాష్ట్రమే ఒకటి కట్టాలన్న చట్టం కూడా 1893లోనే వచ్చింది, మరుసటి ఏడు రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కానీ లైసెన్సు పద్ధతి నిలిచింది. తూకం మీద ఫిర్యాదు చేయడానికి రైతుకు ఒక తలుపు దొరికింది.

వకీలుగారి అరుగు (రాజమహేంద్రవరం)

రైతుల మాట వచ్చింది కాబట్టి, ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్పాలి.

మన ఊళ్లలో అప్పుల పాలైనవాణ్ని చూసి "ఐ.పి. పెట్టేశాడు" అంటాం. దివాలా పిటిషను అనే అర్థంలో పల్లెటూరి ముసలమ్మలు కూడా వాడే మాట అది. మనకు దాని వెనక ఉన్నది 1920 నాటి చట్టం. అమెరికాలో అలాంటి జాతీయ దివాలా చట్టం శాశ్వతంగా నిలదొక్కుకున్నది 1898లో. అంతకుముందు మూడుసార్లు చేసి మూడుసార్లూ రద్దు చేసుకున్నారు. 1893లో బ్యాంకులు కూలి దేశమంతా అప్పుల్లో మునిగింది. ఆ తర్వాత సెనేటులో ఆ బిల్లును నడిపించినవాడు ఈ నెల్సనే.

అందులో ఒక సెక్షను నాకు కంఠస్థం. అప్పు ఇచ్చినవాళ్లు కలిసి ఎవరినైనా బలవంతంగా దివాలాకు ఈడ్చవచ్చు, కానీ ప్రధానంగా వ్యవసాయం మీద, నేల దున్నడం మీద బతికేవాణ్ని మాత్రం ఈడ్చకూడదు. తనంతట తాను వస్తే వేరు. కూలివాడికీ అంతే రక్షణ. పంట పోయిన ఏడు అప్పులవాళ్లు ఇంటి మీదకు వస్తే రైతుకు ఇంకో వానాకాలం చూసే వ్యవధి ఇచ్చిన సెక్షను అది. చట్టం 80 ఏళ్లు నడిచింది, 1978లో కొత్తది వచ్చేదాకా. కక్షిదారు కన్నీళ్లు చూసిన వకీలు రాసిన చట్టమని చదవగానే తెలుస్తుంది.

అడవిదారి (భద్రాచలం)

ఇప్పటిదాకా వచ్చినవన్నీ చదివాను. అందరూ మనసు పెట్టి రాశారు. నాకు మాత్రం ఊపిరి ఆడలేదు. ఎందుకంటే నెల్సన్ చట్టం అని వెతికితే ముందుగా వచ్చేది ఎలివేటరూ కాదు, దివాలా చట్టమూ కాదు. 1889 జనవరి 14 నాటి చట్టం. దాని గురించి ఇక్కడ ఒక్కరూ రాయలేదు.

ఉత్తర మిన్నెసోటా అడవులూ సరస్సులూ ఒజిబ్వే ప్రజలవి. తమను తాము అనిషినాబే అని పిలుచుకుంటారు. ఒప్పందాల మీద ఒప్పందాలు చేసి అప్పటికే చాలా భూమి తీసేసుకున్నారు, మిగిలినవి కొన్ని రిజర్వేషన్లు, అంటే ఆ జనానికని కేటాయించి ఉంచిన నేలలు. కాంగ్రెసు (అమెరికా చట్టసభ) సభ్యుడిగా నెల్సన్ తెచ్చిన చట్టం ఏమి చెప్పిందంటే, రెడ్ లేక్ రిజర్వేషను వాళ్లు తప్ప మిగతా అందరూ వైట్ ఎర్త్ అనే ఒక్క చోటికి వెళ్లాలి. కదలనంటే ఉన్నచోటే పట్టా తీసుకోవచ్చు. ఎక్కడైనా సరే, ఉమ్మడి భూమి ఇకమీదట ఉండదు, మనిషికింత అని విడివిడి చెక్కలు. పంచగా మిగిలినదంతా 'మిగులు'. ఆ మిగులులో పైన్ వృక్షాలున్నది కలప వ్యాపారులకు వేలం. సాగుకు పనికొచ్చేది ఎకరం డాలరుం పావు చొప్పున హోమ్‌స్టెడ్ రైతులకు. వచ్చిన సొమ్ము వాళ్ల పేరున ఖజానాలో 50 ఏళ్లు, ఐదు శాతం వడ్డీ మీద.

ఏ రైతులకు? భూమి లేక ఓడలెక్కి వచ్చిన నార్వే, స్వీడన్, జర్మనీ రైతులకు. నెల్సన్‌కు ఓటేసినవాళ్లకు.

నేను ఏజెన్సీలో భూమి కేసుల్లో పదిహేనేళ్లు తిరిగినవాణ్ని. ఉమ్మడిగా బతికే జనం చేతికి విడివిడి కాగితాలిస్తే ఆ కాగితాలు ఎక్కడికి చేరతాయో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వైట్ ఎర్త్‌లో 1906లో ఒక చిన్న సవరణతో మిశ్రమ రక్తం ఉన్నవాళ్ల పట్టాల మీద ఆంక్షలు ఎత్తేశారు. ఇక తాకట్లు, బోగస్ అమ్మకాలు, పన్ను బకాయి జప్తులు. కొన్నేళ్లకే అక్కడి భూమిలో అత్యధిక భాగం చేతులు మారింది. దాని మీద తగాదాలు 1980ల దాకా సాగాయి. 1986లో ఒక పరిష్కార చట్టం చేసి వెనక్కి ఇచ్చింది 10,000 ఎకరాలు!

తల్లి చెంగు పట్టుకున్న పిల్లవాడి బొమ్మ చూసి మీ కళ్లు చెమర్చాయి, వానచినుకు గారూ. అందులో తప్పు లేదు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక ఎవరి పిల్లల్ని ఇళ్ల నుంచి కదిలించాడో కూడా మీ అబ్బాయికి చెప్పండి.

మేపుల్‌నీడ (మాడిసన్, విస్కాన్సిన్)

అడవిదారి గారూ, మీ ఆవేదన అర్థమైంది. ఈ చట్టం గురించి ముందే రాయకపోవడం నా లోపమే, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్కటి ఆలోచించండి. 1887 నుంచే దేశమంతటికీ డాజ్ చట్టం ఉంది, విడివిడి పట్టాల పద్ధతి దానిదే. ఇండియన్లకు, అంటే అక్కడి ఆదివాసులకు, మిత్రులమని చెప్పుకున్న చర్చి పెద్దలు, సంస్కర్తలు చాలామంది అప్పట్లో అదే మేలనుకున్నారు. పట్టా లేకపోతే కలప కంపెనీలు అంతా ఉత్తినే దోచుకుంటాయని భయం. నెల్సన్ చట్టంలో మూడింట రెండొంతుల వయోజన పురుషుల సమ్మతి కావాలని ఉంది. సొమ్ము ఖజానాలో వేయాలని ఉంది. తనకు భూమి పట్టా బతుకునిచ్చింది, అందరికీ ఇస్తుందని ఆయన నమ్మి ఉండవచ్చు. నమ్మి తప్పు చేసిన మనిషినీ, తెలిసి దోచినవాణ్నీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా తోచదు.

అడవిదారి (భద్రాచలం)

సమ్మతి మాట ఎత్తారు కాబట్టి చెబుతాను.

మిల్ లాక్స్ సరస్సు దగ్గరి వాళ్లు సంతకాలు పెట్టింది తాము ఉన్నచోటే ఉండవచ్చన్న భరోసా మీద. తర్వాత వాళ్ల నేలను వచ్చినవాళ్లకు తెరిచేశారు. 1911లో వడీనా అనే నాయకుడి ఊరిని షెరీఫ్ మనుషులు ఖాళీ చేయించి ఇళ్లు తగలబెట్టారు. కలప దోపిడీ ఆగిందా? ఎండి పడిన చెట్లే కొడతామని అనుమతి తీసుకుని పచ్చని పైన్ నరికారు. లీచ్ లేక్ దగ్గర ఒజిబ్వేలు ఆ కడుపుమంటతో ఉండగానే, బుగోనగేషిగ్ అనే పెద్దాయనను పట్టుకోవడానికి సైన్యాన్ని పంపారు. 1898 అక్టోబరు 5న షుగర్ పాయింట్ దగ్గర కాల్పులు జరిగి, మేజర్ విల్కిన్సన్‌తో పాటు కొందరు సిపాయిలు చనిపోయారు. నెల్సన్ అప్పటికి సెనేటరు.

నమ్మి చేశాడన్నారు. కావచ్చు. కానీ కాదన్నవాళ్లు అక్కడే, ఆయన కాలంలోనే ఉన్నారు. రెడ్ లేక్‌లో మెద్వెగానూనింద్ అనే వృద్ధ నాయకుడు, ఆయనతో ఉన్న పెద్దలు విడివిడి పట్టాలు వద్దన్నారు. దాదాపు 29 లక్షల ఎకరాలు వదులుకోవలసి వచ్చింది, అయినా మిగిలినది మాత్రం ఉమ్మడిగానే ఉంచుతామని పట్టుబట్టారు. ఈ రోజుకీ అక్కడి నేల ఆ జనం అందరిదీ. వైట్ ఎర్త్‌నూ రెడ్ లేక్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి మాట నిజమైందో తెలుస్తుంది. భూమి అంటే ఏమిటో నెల్సన్‌కు ఒక రకంగా తెలుసు, ఆ వృద్ధుడికి ఇంకో రకంగా తెలుసు. చట్టం రాసే కలం నెల్సన్ చేతిలో ఉంది.

నల్లరేగడి (ప్రకాశం జిల్లా)

అడవిదారి గారూ, నిన్న దండం పెడుతున్నానని రాశాను. ఆ ఎలివేటర్ చట్టానికి పెట్టిన దండం వెనక్కి తీసుకోను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాత కొన్న చేను ఎవరి దగ్గర కొన్నాడో, ఆయన ఎందుకు అమ్ముకున్నాడో నేను ఏనాడూ అడగలేదు. ఈ ఉదయం మా పెద్దమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది ఇక్కడ రాయను.

పాతపేజీలు (గుంటూరు)

నేను కూడా తొలి పోస్టులో మారుతండ్రి పేరు దగ్గర మురిసిపోయి ఆగిపోయాను. చరిత్ర చెప్పేవాడు అలా ఆగకూడదు. అడవిదారి గారికి కృతజ్ఞతలు.

మిగిలిన జీవితం త్వరగా చెప్పేస్తాను. 1882లో కాంగ్రెసుకు తొలి పోటీ. కొత్తగా ఏర్పడిన ఆ ఐదో నియోజకవర్గంలో రైల్వే భూముల వ్యాపారంలో గడించిన చార్లెస్ కిండ్రెడ్ ప్రత్యర్థి. డబ్బు నీళ్లలా పారింది. ఎంత రచ్చయిందంటే 'నెత్తుటి ఐదు' అని పేరు పడింది. నెల్సన్ గెలిచాడు, 1889 దాకా అక్కడే. తన పార్టీలో ఎక్కువమంది దిగుమతి సుంకాలు కావాలంటుంటే, అవి రైతు నెత్తిన భారమని 1888లో ఎదురు ఓటు వేశాడు. 1892లో గవర్నరుగా ఎన్నికయ్యాడు. స్కాండినేవియాలో పుట్టి అమెరికాలో ఒక రాష్ట్రానికి గవర్నరైన తొలి వ్యక్తి ఆయనే.

1894 సెప్టెంబరు 1న హింక్లీ మంటలు. ఎండిన వేసవి, కలప కొట్టినవాళ్లు వదిలేసిన కొమ్మలూ రెమ్మలూ అడవి నిండా. కొన్ని గంటల్లో 400 మందికి పైగా కాలిపోయారు. నెల్సన్ సహాయక సంఘాన్ని వేసి, బతికినవాళ్లకు ఆ చలికాలానికి ముందే ఇళ్లు, తిండి చూశాడు. రెండోసారి గవర్నరైన నెలలోనే సెనేటు సీటు కోసం తన పార్టీ వాడే అయిన వాష్‌బర్న్ మీద నిలబడి గెలిచాడు. సెనేటర్లను శాసనసభే ఎన్నుకునే రోజులవి. మాట తప్పాడన్న నింద అప్పుడు వచ్చింది, దాన్ని నేను కొట్టిపారేయను. 1903లో వాణిజ్య, కార్మిక శాఖ ఏర్పడటానికి ఆయన బిల్లే ఆధారం. 1923 ఏప్రిల్ 28న, 80 ఏళ్ల వయసులో, అలెగ్జాండ్రియాకు ఇంటికి వెళుతూ మేరీలాండ్‌లో రైలు పెట్టెలోనే కన్నుమూశాడు.

వానచినుకు (సెయింట్ పాల్, మిన్నెసోటా)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఈ మధ్య అలెగ్జాండ్రియాకు వెళ్లివచ్చాం. ఇక్కడినుంచి రెండున్నర గంటల దారి. నెల్సన్ గారి ఇంట్లోనే ఇప్పుడు ఆ జిల్లా చరిత్ర సంఘం ఉంది. గదిలో నిలబడి నేను ఆయన గురించి కాక ఇంగెబ్యోర్గ్ గురించే ఆలోచించాను. చేతిలో చిల్లిగవ్వ లేని ఆమె కొడుక్కి ఇంత ఇల్లు.

దారిలో మా వాడికి అంతా చెప్పాను. మెద్వెగానూనింద్ పేరు పలకడం వాడు నాకన్నా ముందే నేర్చుకున్నాడు. "మరి ఆయన విగ్రహం ఎక్కడుంది?" అని అడిగాడు. శాసనసభ ముందు లేదు, నాకు తెలిసినంతవరకు చూడలేదు అన్నాను. వైట్ ఎర్త్‌కు కూడా వెళ్లాలంటున్నాడు. అడవిదారి గారూ, ఎప్పుడు వెళితే బాగుంటుంది?

అడవిదారి (భద్రాచలం)

అమ్మా, ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వెళ్లండి. అప్పుడు సరస్సుల్లో మనోమిన్ కోత. నీళ్లలో తనంతట తాను పెరిగే గింజ అది. మన పాత పుస్తకాల్లో నివ్వరి వడ్లంటారే, దానికి దూరపు చుట్టం. ఒజిబ్వేలకు అది తిండి మాత్రమే కాదు, తాము ఈ సరస్సుల దగ్గర ఎందుకు ఆగారో చెప్పే కథలో ఉన్న గింజ. పడవకు ఇద్దరు. ఒకరు పొడవాటి గెడతో పడవను నెడతారు. రెండోవాళ్లు చేతిలో రెండు తేలికపాటి కర్రలతో కంకులను పడవలోకి వంచి మెల్లగా తడతారు. పండినదే రాలుతుంది, పండనిది కంకికే ఉంటుంది. మళ్లీ కొన్ని రోజులకు వస్తారు. కోతకు మీకు అనుమతి ఉండదు, ఒడ్డున నిలబడి చూడండి. ముందుగా అక్కడివాళ్లను అడిగి వెళ్లండి.

నల్లరేగడి (ప్రకాశం జిల్లా)

విత్తనం ఎవరు చల్లుతారండీ దానికి?

అడవిదారి (భద్రాచలం)

ఎవరూ చల్లరు. తట్టినప్పుడు కొంత పడవలో పడుతుంది, కొంత నీళ్లలో పడుతుంది. నీళ్లలో పడ్డదే వచ్చే ఏటికి.